కాంటెస్సాకి క్రూజ్ కంట్రోల్: బెజవాడ, గుంటూరు వైపు ఎవరైనా వేయించారా?

కృష్ణలంక_కాంటెస్సా

అందరికీ నమస్కారం. నాది 1995 కాంటెస్సా క్లాసిక్ 1.8 పెట్రోల్, ఇసుజు ఇంజను, అయిదు గేర్లు. నాన్నగారు కొన్న బండి. ఆయన పోయాక అమ్మేద్దామని రెండుసార్లు అనుకుని, రెండుసార్లూ మనసు రాక ఉంచేసుకున్నాను.

మా అమ్మాయి నెల్లూరులో ఉంటుంది. నెలకోసారి ఈ బండిలోనే వెళ్తాను. చిలకలూరిపేట దాటాక రోడ్డు నేరుగా, వెడల్పుగా ఉంటుంది. బండికి ఏ ఇబ్బందీ లేదు, ఇబ్బందంతా నా కుడి మోకాలిదే. ఒంగోలు వచ్చేసరికి కాలు కర్రలా బిగుసుకుపోతుంది. పోయిన నెల మా బావమరిది కొత్త కారు నడిపాను. 80 దగ్గర క్రూజ్ బటన్ నొక్కి కాలు తీసి పక్కన పెట్టుకున్నా, బండి అదే స్పీడులో తనంతట తనే పోయింది. ఆ సుఖం చూశాక నిద్ర పట్టడం లేదు.

ఆటోనగర్‌లో మూడు షాపులు తిరిగాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన "ఆ డబ్బుతో ఏసీ గ్యాస్ పట్టించుకోండి సార్" అన్నాడు. మూడో ఆయన మాత్రం బానెట్ ఎత్తించి చాలాసేపు చూసి, "అవుతుంది, కానీ సామాను ఇక్కడ దొరకదు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇక్కడికొచ్చాను. ఎవరైనా చేయించారా?

పటమట_కుర్రోడు

అన్నా, ఇంత ఆలోచన ఎందుకు? ఆన్‌లైన్‌లో కిట్లు బోలెడున్నాయి. యాక్సిలరేటర్ పెడల్ దగ్గర కనెక్టర్ తీసి మధ్యలో పెట్టేయడమే. మా ఫ్రెండ్ వాడి హ్యాచ్‌బ్యాక్‌కి అరగంటలో పెట్టుకున్నాడు.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్

తమ్ముడూ, కాంటెస్సా పెడల్ దగ్గర కనెక్టర్ ఉండదు. ఒక స్టీల్ కేబుల్ ఉంటుంది. కాలు నొక్కితే కేబుల్ లాగుతుంది, కేబుల్ లాగితే కార్బరేటర్‌లో (ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి ఇచ్చేది) సీతాకోకచిలుక అనే మూత తెరుచుకుంటుంది. అంతే.

నువ్వు చెప్పే కిట్లు కరెంటు పెడల్ ఉన్న బళ్లకి. వాటిలో కాలు ఎంత నొక్కామో ఒక వోల్టేజీగా కంప్యూటర్‌కి వెళ్తుంది. కిట్ ఆ వోల్టేజీని తనే తయారుచేసి పంపుతుంది. ఇక్కడ కంప్యూటరే లేదు. కేబుల్‌ని నిజంగా లాగడానికి ఒక చెయ్యి కావాలి, బండి ఎంత స్పీడులో ఉందో చూడ్డానికి ఒక కన్ను కావాలి, బ్రేకు తొక్కగానే వదిలేయమని చెప్పడానికి ఒక నోరు కావాలి. ఈ మూడూ విడిగా పెట్టుకోవాలి.

అంబాసిడర్_మాస్టారు

ఏమయ్యా, ఆ రోజుల్లో మా మామగారి మహీంద్రా జీపుకి డాష్‌బోర్డు మీద ఒక బొడిపె ఉండేది. లాగితే రేసు అక్కడే నిలబడేది. ట్రాక్టరుకి ఇప్పటికీ ఉంది. ఒక చోక్ కేబుల్ కొనుక్కుని కార్బరేటర్‌కి తగిలించుకో, వందల్లో అయిపోతుంది. అమెరికా సామాను ఎందుకు?

నాది 1977 మార్క్ 3. ముప్పై ఏళ్లుగా నా చేతిలోనే ఉంది. అందులో నాకు తెలియని బోల్టు లేదు. చెప్పేది విను.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది గానీ ఇది మాత్రం ఒప్పుకోలేను. జీపులో ఆ బొడిపె పెట్టింది రోడ్డు మీద నడపడానికి కాదు, నిలబెట్టి పంపో ఇంకేదో తిప్పుకోవడానికి. అది రేసుని పట్టుకుంటుంది, స్పీడుని కాదు. ఎత్తు ఎక్కితే బండి నెమ్మదిస్తుంది, దిగితే పరుగెడుతుంది. అదీ పోనీ. ఎదురుగా గేదె వచ్చిందనుకోండి, బ్రేకు తొక్కుతారు, ఇంజను మాత్రం ముందుకే తోస్తుంటుంది. క్లచ్ తొక్కితే గుయ్యిమని లేచిపోతుంది. అప్పుడు చేత్తో బొడిపె వెతుక్కోవాలి. ఆ ఒక్క క్షణం ఎవరిస్తారు?

మిర్చియార్డ్_ప్రెసిడెంట్

గేదె సంగతి నేను చెప్తాను, ఎదురుగా రాదు, పక్కనుంచి వస్తుంది 😀

నాది 1973 ప్రీమియర్ ప్రెసిడెంట్. (పద్మిని అనకండి. ఆ పేరు 1974లో వచ్చింది, మా బండికి కోపం వస్తుంది.) 1089 సీసీ, స్టీరింగ్ పక్కన గేరు కర్ర. 75 దాటితే లోపల ఉన్నవాళ్లు మాట్లాడుకోవడం మానేస్తారు. నాకు క్రూజ్ అక్కర్లేదు. ఊరికే చదువుతున్నా.

డల్లాస్_తెనాలి

కాంటెస్సా అన్నగారూ, నేను పుట్టింది తెనాలి, ఉండేది డల్లాస్. నా 1966 మస్టాంగ్‌కి ఈ పని నేనే చేసుకున్నాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పాత బళ్లకి వేసే కిట్లు ఇక్కడ రెండు రకాలు. ఒకటి వాక్యూమ్‌ది. ఇంజను పీల్చే గాలి బలంతో ఒక రబ్బరు డబ్బా ముడుచుకుని కేబుల్‌ని లాగుతుంది. ఆడియోవాక్స్ సీసీఎస్-100 ఈ రకమే, చాలామంది వాడారు. రెండోది కరెంటు మోటారుతో లాగేది. రోస్ట్రా వాళ్లది అలాంటిది. మీ బండికి రెండూ కుదురుతాయి గానీ నేనైతే మోటారుదే తీసుకోమంటాను. వాక్యూమ్‌దానికి గాలి ఎక్కడి నుంచి తీస్తారు? మేనిఫోల్డ్ (ఇంజను గాలి పీల్చే గొట్టం) నుంచి బ్రేక్ బూస్టర్‌కి (బ్రేకు తేలిగ్గా పడేలా చేసే డబ్బా) వెళ్లే పైపు కళ్లెదుటే ఉంటుంది, మెకానిక్ చెయ్యి దాని మీదకే వెళ్తుంది. ఆ పైపులో గాలిని ఒక్క వైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటుంది. దానికి బూస్టర్ వైపున టీ పెట్టి క్రూజ్‌కి ఇంకో పైపు తీశారంటే, క్రూజ్ రబ్బరు చిరిగిన రోజున మీ బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. అంత ప్రమాదం మనకెందుకు? డీజిల్ అంబాసిడర్ వాళ్లకైతే ఆ ప్రశ్నే లేదు, డీజిల్ మేనిఫోల్డ్‌లో లాగేంత వాక్యూమ్ ఉండదు.

స్పీడు తెలుసుకోవడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి వెళ్లే కడ్డీ) అయస్కాంతాలు కట్టి, పక్కన ఒక సెన్సర్ బిగిస్తారు. అయస్కాంతం సెన్సర్ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఒక్కో టిక్కు వెళ్తుంది. మీది వెనక చక్రాలు లాగే బండి, పొడుగాటి షాఫ్ట్ కింద కనిపిస్తూనే ఉంటుంది. ముందు చక్రాల బండ్లవాళ్లు దీనికే తంటాలు పడతారు. సెన్సర్‌ని గేర్‌బాక్స్ చివర పెట్టించండి, క్రౌన్ (వెనక ఇరుసులో షాఫ్ట్ తిప్పే పళ్ల చక్రం) వైపు వద్దు. అటు వైపు షాఫ్ట్ గతుకు వచ్చినప్పుడల్లా ఇరుసుతో పాటు ఎగిరి పడుతుంది, సెన్సర్‌కి తగులుతుంది లేదా దూరమవుతుంది.

మాన్యువల్ గేరు కాబట్టి క్లచ్‌కి కూడా స్విచ్ తప్పనిసరి. స్పార్కు ఇచ్చే కాయిల్ నెగిటివ్ నుంచి ఒక వైరు తీసుకుని ఇంజను రేసుని కనిపెట్టే ఏర్పాటు కూడా ఉంటుంది. కాస్త శ్రమైనా రెండూ పెట్టండి.

అంబాసిడర్_మాస్టారు

సరే, బొడిపె మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎలక్ట్రీషియన్ గారు చెప్పింది సబబుగానే ఉంది.

ఈ యంత్రం కనిపెట్టినాయన గురించి పిల్లలకి చెప్పేవాణ్ణి. రాల్ఫ్ టీటర్, అమెరికాలో ఇండియానా రాష్ట్రం. అయిదేళ్ల వయసులో చూపు పోయింది. అయినా ఇంజనీరింగ్ చదివి, పిస్టన్ రింగులు చేసే పర్ఫెక్ట్ సర్కిల్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. ఆయన లాయరు కారు నడుపుతూ మాటల్లో పడితే స్పీడు తగ్గించేవాడట, మాట ఆపగానే పెంచేవాడట. పక్కన కూర్చున్నాయనకి కళ్లు లేవు కదా, ఒళ్లే స్పీడోమీటరు. ఆ కుదుపులు భరించలేక ఆలోచన మొదలుపెట్టాడంటారు. 1950లో పేటెంట్ వచ్చింది. 1958లో క్రైస్లర్ వాళ్లు ఖరీదైన బళ్లలో పెట్టారు. రోడ్డు కంటితో చూడలేనివాడు, నడిపేవాళ్ల కాలికి విశ్రాంతి ఇచ్చాడు.

మా బడిలో ఈ కథ చెప్తే వెనక బెంచీ వాళ్లు కూడా వినేవాళ్లు.

డల్లాస్_తెనాలి

మాస్టారూ, ఆ పర్ఫెక్ట్ సర్కిల్‌ని తర్వాత డానా కంపెనీ కొంది. పాత కార్లకి విడిగా క్రూజ్ కిట్లు అమ్మినవాళ్లలో డానా కూడా ఉంది.

లక్ష్మీపురం_అడ్వకేట్

నడిపే మాటలు నడవనివ్వండి, మధ్యలో కాగితాల మాట ఒకటి చెప్పి వెళ్తాను.

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలు, ఆర్‌సీలో ఉన్నవి, మారేలా బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇంజను, ఛాసిస్, ఇంధనం, రంగు, సీట్లు లాంటివి ఆర్‌సీలో ఉంటాయి, క్రూజ్ ఉండదు. అయినా "ఆర్‌సీలో లేదు కాబట్టి ఏం పర్లేదు" అనుకుని ఊరుకోవద్దు. రవాణా శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. బాడీకి రంధ్రం పడకుండా, విప్పితే పాత బండి పాత బండిలా ఉండేలా బిగించుకోండి.

ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ముందే రాయండి. విడిగా పెట్టించుకున్న ఎలక్ట్రానిక్ సామానుకి ఐఎంటీ 24 అని పాలసీకి అదనంగా చేర్చే ఎండార్స్‌మెంట్ ఒకటి ఉంది, సామాను విలువలో 4 శాతం ప్రీమియం. మీ పాలసీ థర్డ్ పార్టీ ఒక్కటే అయితే అది వర్తించదు. పాత బళ్లవాళ్లు చాలామంది థర్డ్ పార్టీతోనే సరిపెట్టేస్తారు, అందుకే అడుగుతున్నా.

ప్రెసిడెంట్ గారూ, మీ బండికి యాభై ఏళ్లు నిండాయి. 2021 రూల్స్ కింద వింటేజ్ బళ్లకిచ్చే వీఏ నంబరు తీసుకునే ఉద్దేశం ఉంటే మాత్రం ఇలాంటివి అసలు ముట్టుకోకండి. బండి మొదటి రూపంలో ఉండాలన్నది ఆ రూల్స్‌లో షరతు.

మిర్చియార్డ్_ప్రెసిడెంట్

మేడమ్, ఆ నంబరుకి ఫీజు 20,000. మా ఇంట్లో ఆ మాట ఎత్తితే బండితో పాటు నేనూ పాతకాలం వాణ్ణని బయట పెడతారు.

కృష్ణలంక_కాంటెస్సా

అందరికీ థాంక్స్. మేడమ్ చెప్పినట్టు రెండు ఉత్తరాలూ రాశాను. పాలసీ చూస్తే నిజంగానే థర్డ్ పార్టీ. నన్ను ఎక్కడో చూసినట్టే చెప్పారు.

మోటారు రకం కిట్ మా పెదనాన్నగారి అబ్బాయి వస్తూ వస్తూ తెచ్చాడు. కంపెనీ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఇక ముందు రాయబోయే తప్పులన్నీ మావే, వాళ్లవి కావు.

పోయిన ఆదివారం ఆ మూడో షాపు మేస్త్రి దగ్గర పని మొదలుపెట్టాం. ముందు లెక్క. కిట్ డబ్బాలో చిన్న చిన్న స్విచ్‌లుంటాయి, మైలుకి ఎన్ని టిక్కులు వస్తాయో దాన్ని బట్టి పైకీ కిందకీ మార్చాలి. కాబట్టి చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలియాలి. నేను పుస్తకం వెతుకుతుంటే మేస్త్రి జాకీ తెచ్చాడు. ముందు చక్రాలకి రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి, గేరు న్యూట్రల్ చేసి, వెనక చక్రం ఒక్కటే లేపాడు. షాఫ్ట్ మీద సుద్దతో గీత. "ఇరవై చుట్లు తిప్పండి సార్, నేను కింద లెక్కపెడతా" అన్నాడు. పది చుట్లు చాలు కదా అని నేను అనుకుంటున్నా. "రెండో చక్రం నేల మీదుంది కదా, ఇది రెండు చుట్లు తిరిగితే క్రౌన్‌కి ఒక చుట్టు" అన్నాడు. చదువుకున్నది నేను, తెలిసింది ఆయనకి.

ఇరవై చుట్లకి షాఫ్ట్ 39 తిరిగింది. అంటే బండి నడిచేటప్పుడు చక్రం చుట్టుకి 3.9. తర్వాత టైరుకి సుద్ద గీత పెట్టి బండిని నేల మీద తోసి కొలిస్తే ఒక చుట్టు 1.88 మీటర్లు. కిలోమీటరుకి చక్రం 532 చుట్లు, షాఫ్ట్ 2,075. మైలుకి లెక్కేస్తే 3,340 దాకా. రెండు అయస్కాంతాలు పెడితే 6,680. కిట్‌లో 4,000 తర్వాత 8,000 ఉంది. ఏది పెట్టాలి?

డల్లాస్_తెనాలి

8,000 పెట్టండి. రెండు అయస్కాంతాలు ఎదురెదురుగా ఉండాలి, లేకపోతే షాఫ్ట్ బరువు ఒకవైపుకి లాగి వణుకుతుంది. మీ టిక్కులు 8,000 కన్నా తక్కువ కాబట్టి మీరు వెళ్తున్న స్పీడు కన్నా తక్కువలో ఉన్నారని కిట్ అనుకుంటుంది. స్పీడు నిలబెట్టడంలో దానివల్ల తేడా ఏమీ రాదు, ఏ స్పీడులో నొక్కారో అదే పట్టుకుంటుంది. కానీ కనీస వేగం మారుతుంది. కిట్ 48 దాటితే పనిచేయాలి, మీకు 58 దగ్గర గానీ పట్టదు.

కృష్ణలంక_కాంటెస్సా

58 కన్నా తక్కువలో నాకు దాంతో పనేముంది? మంచిదే.

పటమట_కుర్రోడు

అన్నా ఫొటోలు పెట్టు. నేను లెక్కల దగ్గరే పడిపోయా.

కృష్ణలంక_కాంటెస్సా

వారం తర్వాత. అన్నీ బిగించాం. గుండె దడదడలాడుతుండగా కాజ టోల్ దాటాక 70 దగ్గర బటన్ నొక్కాను. ఏమీ లేదు. మళ్లీ నొక్కాను. ఏమీ లేదు. గుంటూరు దాకా నొక్కుతూనే ఉన్నా. పక్కన మా ఆవిడ "రేడియోనా అది?" అని అడిగింది.

వైర్లన్నీ రెండుసార్లు చూశాం. ఫ్యూజు బాగుంది. కిట్‌లో టెస్ట్ లైటు ఉంది, అయస్కాంతం దాటినప్పుడల్లా మెరుస్తోంది. బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయి. ఎక్కడుందంటారు తప్పు?

డల్లాస్_తెనాలి

ఒక ప్రశ్న. వెనక బ్రేక్ లైట్ల బల్బులు పాతవేనా, ఎల్ఈడీలా?

కృష్ణలంక_కాంటెస్సా

ఎల్ఈడీలే. పోయిన దసరాకి మా అబ్బాయి మార్చాడు, బాగా కనపడతాయని.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్

దొరికింది దొంగ 😀 నేను చెప్తానుండండి తెనాలి అన్నా.

బ్రేకు తొక్కనప్పుడు ఆ లైటు వైరు ఖాళీగా ఉండదు. పాత బల్బులో తీగ ఉంది కదా, దాని గుండా ఆ వైరు ఎర్త్‌కి కలిసే ఉంటుంది. కిట్ ఆ ఎర్త్ కోసం చూస్తుంది. ఎర్త్ కనిపిస్తే "సరే, బ్రేకు వైరు తెగలేదు, అవసరమైనప్పుడు నాకు కబురు వస్తుంది" అని నమ్మి పనిచేస్తుంది. ఎల్ఈడీ బల్బు అలా ఎర్త్ చూపించదు. కిట్‌కి వైరు తెగిపోయినట్టే లెక్క. అందుకే పట్టడం లేదు. అది పాడవలేదు, భయపడుతోంది.

ఒక పక్క పాత బల్బు పెట్టండి, లేదంటే ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వేసుకోండి.

కృష్ణలంక_కాంటెస్సా

పాత బల్బు డాష్ అరలోనే ఉంది, నాన్నగారి అలవాటు నాకూ వచ్చింది, ఏదీ పారేయను. పెట్టగానే పట్టింది! ఇంటి నుంచి వారధి ఎక్కి మంగళగిరి వైపు వెళ్లి రెండుసార్లు పరీక్షించాను. కాలు తీసేస్తే బండి తనంతట తను వెళ్తోంది. పెడల్ దానంతటదే కొంచెం కిందకీ పైకీ కదులుతుంటే, అక్కడ నాన్నగారి కాలున్నట్టు అనిపించింది. ఎందుకో మరి.

కానీ ఇంకో చిక్కు. 80 దగ్గర పట్టాక ఊయల ఊగుతోంది. 76కి దిగుతుంది, 84కి లేస్తుంది. ఒక్కోసారి ఉన్నట్టుండి వదిలేస్తోంది.

డల్లాస్_తెనాలి

ఊయలకి మొదటి అనుమానం పూసల గొలుసు మీద. మోటారు కేబుల్‌కీ కార్బరేటర్ లివరుకీ మధ్య ఆ గొలుసు ఎంత వదులుగా ఉంది? ఎక్కువ వదులైతే ముందు ఆ వదులు లాగాలి, ఆ లోపల బండి నెమ్మదిస్తుంది, తర్వాత ఒక్కసారిగా ఎక్కువ లాగేస్తుంది. ఒక పూస అంత వదులు చాలు.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్

ఉన్నట్టుండి వదిలేయడానికి మాత్రం గొలుసు కారణం కాదు. సెన్సర్ వైరు ఏ దారిన తెచ్చారు? ప్లగ్ వైర్ల పక్కనుంచేనా? పాత బళ్లకి మనవాళ్లు రాగి తీగ ప్లగ్ వైర్లు వేస్తారు, అవి రేడియోలో కూడా టకటకలాడతాయి. ఆ రొద సెన్సర్ వైరులోకి ఎక్కితే కిట్‌కి పిచ్చెక్కుతుంది. వైరుని ఫైర్‌వాల్ (ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య రేకు) వెంట అవతలి పక్కకి తిప్పండి. ప్లగ్ వైర్లు రెసిస్టెన్స్ ఉన్నవి వేయించండి.

కృష్ణలంక_కాంటెస్సా

రెండూ నిజమే. గొలుసు నాలుగు పూసలు వదులుగా ఉంది. వైరు ప్లగ్ వైర్లతో కలిపి టేపు చుట్టి ఉంది. "నీటుగా ఉంటుందని" చుట్టాడట మేస్త్రి దగ్గర పిల్లాడు.

అయితే గొలుసు బిగించేటప్పుడు జరిగింది రాయాలి, లేకపోతే ఇంకొకరికి జరుగుతుంది.

మోటారుని పట్టుకునే పట్టీ లేత్ షాపులో చేయించాం. దాని అంచు సాన పట్టలేదు. గొలుసు పొట్టిచేసి బిగించాక బండి స్టార్ట్ చేసి, నేనే బానెట్ దగ్గర నిలబడి లివర్ని వేలితో లాగి వదిలాను. వదిలితే వెనక్కి రాలేదు. ఒక పూస పట్టీ అంచుకీ ఎయిర్ క్లీనర్ కాలుకీ మధ్య ఇరుక్కుంది. ఇంజను అరుపు అందుకుంది. షెడ్డులో అందరూ వెనక్కి జరిగారు, నేను కొయ్యబారిపోయాను. మేస్త్రి పరుగెత్తుకొచ్చి తాళం తిప్పి ఆపాడు. అయిదు సెకన్లు ఉంటుందేమో. అదే ఒంగోలు బైపాస్ మీద అయితే?

ఆ రోజుకి పని ఆపేశాం. మర్నాడు పట్టీ విప్పి అంచులు గుండ్రంగా చేయించి, మోటారుని రెండంగుళాలు పక్కకి జరిపాం. కార్బరేటర్‌కి ఉన్న స్ప్రింగ్ ముప్పై ఏళ్లది, సాగిపోయింది. అది తీసి కొత్తది వేసి, దాని పక్కన ఇంకోటి వేశాం. కేబుల్ కూడా మార్చేశాం. పాతది లోపల నాలుగు పోగులు తెగి ఉంది, ఇన్నాళ్లూ ఆ కేబుల్ మీదే నెల్లూరు వెళ్లొచ్చాను. ఇంజను ఆపి ఉండగా యాభై సార్లు లాగి వదిలాం. యాభై సార్లూ ఠక్కున వచ్చింది. అప్పుడు గానీ తాళం తిప్పలేదు.

మిర్చియార్డ్_ప్రెసిడెంట్

ఇది చదివి కిందకి వెళ్లి మా బండి స్ప్రింగ్ చూసొచ్చా. చెప్పను.

పటమట_కుర్రోడు

అన్నా, క్రూజ్‌లో ఉండగా క్లచ్ తొక్కితే ఏమవుతుంది? నువ్వు చూశావా?

కృష్ణలంక_కాంటెస్సా

చూశాను, భయపడుతూనే. క్లచ్ కాస్త కదలగానే స్విచ్ తెగి మోటారు వదిలేస్తోంది. తర్వాత స్విచ్ పనిచేయకుండా దాని వైర్లు రెండూ కావాలని నేరుగా కలిపేసి ఒకసారి తొక్కాను. రేసు లేచింది, సగం సెకను తర్వాత కాయిల్ వైరు చూసి కిట్ వదిలేసింది. ఆ సగం సెకను చాలు, ఒళ్లు చల్లబడింది. అందుకే రెండూ పెట్టమన్నారు తెనాలి గారు.

నిన్న నెల్లూరు వెళ్లొచ్చాం. ఉన్నదున్నట్టు రాస్తాను.

బెజవాడ నుంచి గుంటూరు దాకా దీన్ని మర్చిపోండి. ఆటోలు, ఎదురు వచ్చే బైకులు, మధ్యలో ఆగిన లారీ. పట్టించిన ప్రతిసారీ ఒక నిమిషంలో బ్రేకు తొక్కాల్సి వచ్చింది. చిలకలూరిపేట దాటాక మొదలైంది అసలు సుఖం. 80లో పెట్టాను. ఈ బండి వయసుకి అది చాలు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను కొంచెం గట్టిగా ఊపిరి తీసుకుంటుంది, ముల్లు మాత్రం రెండు కిలోమీటర్లకి మించి కదలదు. మా ఆవిడ ఒంగోలు దాకా పడుకుంది. మామూలుగా నా స్పీడు హెచ్చుతగ్గులకి పడుకోదు.

వంతెన దిగుడులో 80ది 88 అయింది. క్రూజ్‌కి రేసు తగ్గించడమే తెలుసు, బ్రేకు వేయడం తెలియదు. అక్కడ కాలు మనదే. కావలి దగ్గర వాన పట్టుకుంది, వెంటనే ఆపేశాను. నీళ్లలో వెనక చక్రం జారితే కూడా అది రేసు ఇస్తూనే ఉంటుంది కదా. పాదం ఎప్పుడూ బ్రేకు పక్కనే ఉంచుకున్నా, ముడుచుకుని కూర్చోలేదు. అయినా మోకాలు నెల్లూరులో మెట్లు ఎక్కింది. మా అమ్మాయి చూసి ఆశ్చర్యపోయింది.

ఖర్చు అడగబోతున్నారని తెలుసు. కిట్, పట్టీ, కేబుల్, స్ప్రింగులు, ప్లగ్ వైర్లు, మేస్త్రి కూలీ అన్నీ కలిపి 40 వేలు దాటింది. మా ఆవిడకి 15 అని చెప్పాను. ఆవిడ ఇక్కడ లేదు.

లక్ష్మీపురం_అడ్వకేట్

స్క్రీన్‌షాట్ తీశాను.

అంబాసిడర్_మాస్టారు

బాగా రాశావయ్యా. నాక్కూడా నడుము నొప్పి ఉంది, నెలకోసారి తిరుపతి వెళ్తాను. మా మార్క్ 3కి కుదురుతుందా? నాలుగు గేర్లే. ఎస్‌యూ కార్బరేటర్. ఎలక్ట్రీషియన్ గారూ, ఏమంటారు?

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్

కుదురుతుంది మాస్టారూ, కానీ ముందు బ్రేక్ లైట్ స్విచ్ ఎక్కడుందో చూడండి. కాంటెస్సాకి పెడల్ దగ్గరే ఉంటుంది, పెడల్ కదిలితే చాలు కబురు వెళ్తుంది. మీ పాత అంబాసిడర్‌కి బ్రేక్ ఆయిల్ పైపులో ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి పెరిగితే గానీ లైటు వెలగదు. అంటే మీరు తొక్కడం మొదలుపెట్టాక కొంత ఆలస్యంగా క్రూజ్‌కి తెలుస్తుంది. ఆ స్విచ్‌లు పాతబడితే ఇంకా గట్టిగా తొక్కాలి. పెడల్‌కి విడిగా ఒక స్విచ్ పెట్టాల్సిందే. ఇప్పుడున్న బ్రేక్ లైటు ఎంత తొక్కితే వెలుగుతుందో ఒకసారి ఎవరినైనా వెనక నిలబెట్టి చూడండి.

అంబాసిడర్_మాస్టారు

మనవణ్ణి వెనక నిలబెట్టి తొక్కాను. "వెలగలేదు తాతా" అన్నాడు. గట్టిగా తొక్కాను. వెలగలేదు. నిలబడి మరీ తొక్కాను. బల్బులు చూస్తే రెండూ బాగానే ఉన్నాయి. స్విచ్ పోయింది. ఎన్నాళ్ల నుంచి పోయిందో ఆ దేవుడికే తెలియాలి. మొన్న వైశాఖంలో తిరుపతి కూడా వెళ్లొచ్చాను.

క్రూజ్ సంగతి తర్వాత చూద్దాం. ఆ స్విచ్ ఆటోనగర్‌లో ఏ వీధిలో దొరుకుతుందో చెప్పు నాయనా, రేపు పొద్దున్నే ఆటోలో వస్తాను.